జీతం, అద్దె, కొండ: హైదరాబాద్, బెంగళూరు, పుణె, విశాఖల్లో ఏ ఊరు ఎవరికి?

పోయిన నెల మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రెండు ఆఫర్లు వచ్చాయి. హైదరాబాద్‌లో 28 లక్షలు, బెంగళూరులో 32. నాకేమో శనివారం వస్తే కొండెక్కాలి. ఏది తీసుకోమంటావు?" వాడికి 26 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. నేను ఆ రెండు ఊళ్ళలోనూ ఉన్నాను. మధ్యలో పుణెలో ఏడాదిన్నర పని చేశాను. కోవిడ్ రోజుల్లో ఎనిమిది నెలలు విశాఖలో మా అత్తగారింట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకున్నాను. వాడికి ఫోన్‌లో హడావిడిగా చెప్పింది ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను, ఇదే టెన్షన్‌లో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని.

ఏ ఊరి గురించి అడిగినా అందరూ చుట్టుపక్కల కొండల పేర్లు చెబుతారు. ఆ పేర్లు చూసి ఊరిని ఎంచుకోవద్దు. బెంగళూరులో ఉన్న రెండేళ్ళలో నేను కొండెక్కింది 19 సార్లు. ఆ తర్వాత హైదరాబాద్‌లో మొదటి ఏడాదిలోనే బండల మీదికి 90 సార్లకు పైగా వెళ్ళాను. బెంగళూరు కొండలు ఎత్తులోనూ అందంలోనూ హైదరాబాద్ గుట్టల కంటే చాలా పై మెట్టు, అందులో సందేహం లేదు. తేడా అంతా నేను ఉన్న ఇంట్లో ఉంది. బెంగళూరులో అద్దె తక్కువని వైట్‌ఫీల్డ్ అవతల ఇల్లు తీసుకున్నాను. ఆఫీసు బెళ్ళందూరు వైపు. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. వారమంతా అలా అరిగిపోయాక శనివారం తెల్లవారుజామున నాలుగింటికి లేవడం ఎంత ఇష్టమున్నా ప్రతిసారీ కుదరదు. హైదరాబాద్‌లో ఇల్లు మణికొండ, ఖాజాగూడ గుట్టలకు బండి మీద పది నిమిషాలు.

అందుకే నేను మొదట అడిగేది శనివారం గురించి కాదు, బుధవారం గురించి. పని రోజు సాయంత్రమో పొద్దున్నో, బుకింగ్ లేకుండా, ఎవరినీ పోగెయ్యకుండా, ఇరవై నిమిషాల్లో చేరే చోటు మీ ఇంటి దగ్గర ఉందా? దానితో పాటు ఆఫీసు అరగంటలోపు ఉందా? ఈ రెండూ కుదిరే డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి ఎంత అద్దె పడుతుందో, ఆ ఊళ్ళో మీ అసలు అద్దె అదే. ఇరవై కిలోమీటర్ల అవతల పది వేలు తక్కువకు దొరికే ఇంటిని లెక్కలోకి తీసుకోకండి. ఆ పది వేలకు మీరు అమ్ముకునేది సరిగ్గా మీకు కావలసిన ఆ గంటే.

ముందు డబ్బు లెక్క

28కీ 32కీ తేడా నాలుగు లక్షలు. వినడానికి పెద్దదే. కొత్త పన్ను విధానంలో 24 లక్షలు దాటిన ఆదాయానికి 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. అంటే నాలుగు లక్షల్లో లక్షా పాతిక వేలు పన్నుకే పోతాయి. మిగిలింది రెండు లక్షల 75 వేలు. నెలకు సుమారు 23 వేలు. అందులో వేరియబుల్ పే, పీఎఫ్ వాటాలు కలిసి ఉంటే చేతికి వచ్చేది ఇంకా తక్కువ. పైగా కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు కాబట్టి అద్దె మొత్తం పన్ను కట్టిన డబ్బులోంచే కట్టాలి.

ఇప్పుడు అద్దెలు. నా స్నేహితులు, సహోద్యోగులు కడుతున్నవి చెబుతున్నాను. అపార్ట్‌మెంట్‌ను బట్టి మారతాయి కాబట్టి వీటిని ఒక అంచనాగానే చూడండి. గచ్చిబౌలి, కొండాపూర్ చుట్టూ గేటెడ్ కమ్యూనిటీలో డబుల్ బెడ్‌రూమ్ 30 నుంచి 45 వేలు. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన అలాంటిదే 40 నుంచి 60 వేలు. పుణెలో వాకడ్, బాణేర్ వైపు 25 నుంచి 40. విశాఖ ఎంవీపీ కాలనీలో 15 నుంచి 25. మెయింటెనెన్స్ విడిగా అడగండి, ముఖ్యంగా నీళ్ళు ట్యాంకర్ల మీద నడిచే చోట. 2024 వేసవిలో బెంగళూరు ఎంత అల్లాడిందో అందరం చూశాం. పుణె శివార్లలోనూ ట్యాంకర్ ఖర్చు చివరికి మెయింటెనెన్స్ బిల్లులోనే తేలుతుంది.

అడ్వాన్స్ విషయం చాలామంది మర్చిపోతారు. హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె ఇస్తే చాలు. బెంగళూరులో ఒకప్పుడు పది నెలలు అడిగేవారు, ఇప్పుడు ఐదారు నెలలు మామూలు. 50 వేల ఇంటికి మూడు లక్షలు వడ్డీ లేకుండా అక్కడ ఉండిపోతాయి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు. నా దగ్గరా పట్టుకున్నారు. ఇల్లు అప్పగించేటప్పటి మాట అగ్రిమెంట్‌లో ముందే చదువుకోకపోవడం నా తప్పు.

కాబట్టి మావాడి నాలుగు లక్షల తేడాలో పన్ను పోగా మిగిలినదాంట్లో సగం పైన అద్దె తినేస్తుంది. మిగిలేది నెలకు ఏడెనిమిది వేలు. దానికోసమే అయితే ఊరు మారనక్కర్లేదు.

బెంగళూరు

మరి బెంగళూరు ఎందుకు? ఆ ఊరి బలం మొదటి ఆఫర్‌లో కనపడదు, రెండోదానిలో, మూడోదానిలో కనపడుతుంది. ప్రాడక్ట్ కంపెనీలు, స్టార్టప్‌లు, పెద్ద విదేశీ కంపెనీల ఇంజినీరింగ్ సెంటర్లు ఇన్ని ఒకేచోట దేశంలో ఇంకెక్కడా లేవు. ఇల్లు మారకుండా, పిల్లల బడి మారకుండా ఉద్యోగం మారొచ్చు. లేఆఫ్ వచ్చినా నెలా రెండు నెలల్లో నాలుగు ఇంటర్వ్యూలు దొరికే ఊరు అది. పదేళ్ళలోపు అనుభవం ఉన్నవాళ్ళకు ఈ ఒక్క కారణం చాలు.

రెండో బలం వాతావరణం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఏప్రిల్‌లో కూడా పొద్దున పరుగెత్తవచ్చు. హైదరాబాద్‌లో మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా ఎండ మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెడుతుంది. అంటే ఏడాదికి రెండున్నర నెలలు అక్కడ అదనంగా దొరుకుతాయి. ఆరుబయట తిరగడం ప్రాణమైనవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

కొండలంటారా, చుట్టూ ఉన్నాయి. నంది కొండ 1,478 మీటర్లు, నగరం మధ్య నుంచి 60 కిలోమీటర్లు. సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకు అదొక తీర్థయాత్ర. రామనగర బండలు రాక్ క్లైంబింగ్‌కి పేరుపడ్డవి, రాబందుల అభయారణ్యం కూడా అక్కడే ఉంది. సావనదుర్గ ఒకే రాయిలా నిలబడి ఉంటుంది, ఎక్కుతుంటే చేతులూ వాడాల్సి వస్తుంది. ఒక రాత్రి బస్సెక్కితే పడమటి కనుమలు: కుద్రేముఖ్, కుమార పర్వత, 1,930 మీటర్ల ముళ్ళయ్యనగిరి. అయితే ఇప్పుడు చాలా దారులకు అటవీశాఖ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, రోజుకు ఇంతమందికే అని పరిమితి ఉంటుంది. 2024 జనవరిలో కుమార పర్వత దారి జనంతో కిక్కిరిసిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. లాంగ్ వీకెండ్ అంటే అందరికీ అదే లాంగ్ వీకెండ్. నేనైతే అలాంటప్పుడు వెళ్ళను, ఆ మరుసటి వారం వెళ్తాను.

ఊళ్ళో చూస్తే దక్షిణాన తురహళ్ళి అడవి, మధ్యలో కబ్బన్ పార్కు, లాల్‌బాగ్, ఉత్తరాన జక్కూరు చెరువు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆఫీసు ఏ దిక్కున ఉందో కొండ కూడా ఆ దిక్కునే ఎంచుకోవాలి. హెబ్బాళ వైపు ఉన్నవాళ్ళకు నంది, స్కందగిరి దగ్గర. కెంగేరి, జేపీ నగర్ వైపు వాళ్ళకు రామనగర, సావనదుర్గ దగ్గర. తూర్పున వైట్‌ఫీల్డ్‌లో ఉంటే రెండూ దూరమే, ఊరు దాటడానికే ఓపిక అయిపోతుంది. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా నడుస్తోంది కాబట్టి ఊళ్ళోకి రావడం మాత్రం మునుపటికంటే చాలా నయం.

హైదరాబాద్

ఇక్కడే ఉంటున్నాను కాబట్టి నా మాటలో కాస్త మొగ్గు ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

పెద్ద కంపెనీల్లో ఒకే స్థాయి ఉద్యోగానికి హైదరాబాద్, బెంగళూరు జీతాలు ఇప్పుడు దాదాపు ఒకటే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి ఊరు కాదిది. 2022-23 నాటికే తెలంగాణ ఐటీ రంగంలో తొమ్మిది లక్షలకు పైగా ఉద్యోగులున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. తక్కువ ఉన్నది ఎక్కడంటే స్టార్టప్‌లలో. మొదటి ఇరవై మంది ఉద్యోగుల్లో ఒకరిగా చేరాలన్న కోరిక ఉంటే బెంగళూరులో వచ్చినన్ని అవకాశాలు ఇక్కడ రావు.

కొండల విషయంలో హైదరాబాద్‌ను తక్కువ అంచనా వేస్తారు. ఇక్కడ ఉన్నది ఎత్తు కాదు, రాయి. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ బండలు ఊరి మధ్యలోనే, ఆఫీసుల పక్కనే ఉన్నాయి. ఖాజాగూడలో సాయంత్రం ఐదున్నరకు క్రాష్ ప్యాడ్ (కింద పడితే దెబ్బ తగలకుండా పరిచే పరుపు) వీపున వేసుకుని వచ్చే కుర్రాళ్ళను చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఆ బండల్ని ఒక్కొక్కటిగా పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతుంటే అంతే బాధగానూ ఉంటుంది. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడుతున్నారు. వాళ్ళ రాక్ వాక్‌లకు ఒక్కసారైనా వెళ్ళండి, ఊరి మీద చూపే మారిపోతుంది.

యాభై కిలోమీటర్ల దూరంలో భువనగిరి కోట ఉంది. ఒకే బండ, కింద రాక్ క్లైంబింగ్ శిక్షణ. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తాడు పట్టుకోవడం నేర్చుకున్నది ఈ బండ మీదే. సికింద్రాబాద్‌లో రైలెక్కి వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. అనంతగిరి కొండలు వికారాబాద్ పక్కనే, మూసీ పుట్టేది అక్కడే. వానాకాలం పోయిన వెంటనే బాగుంటుంది. ఇంకా అడవి కావాలంటే నల్లమల, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వైపు.

సైకిల్ తొక్కేవాళ్ళకు మాత్రం నాలుగు ఊళ్ళలో హైదరాబాదే నా మొదటి ఓటు. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు పైన సోలార్ పలకల కప్పు ఉంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కోకాపేట, కొల్లూరు వైపు ఉండేవాళ్ళకు అది బుధవారం చోటు. లారీల భయం లేకుండా ఆడపిల్లలు చీకటి పడ్డాక కూడా తొక్కడం నేను రోజూ చూస్తున్నాను.

లోపం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరకే వెనక్కి తిరగాలి. ఇంకో లోపం, నిజమైన పెద్ద కొండకు వెళ్ళాలంటే రాత్రి ప్రయాణం తప్పదు.

పుణె

కొండ కోసమే బతికేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పే ఊరు పుణె. ఊళ్ళోనే టెక్డీలు ఉన్నాయి. మరాఠీలో టెక్డీ అంటే చిన్న కొండ. వేతాళ్ టెక్డీ మీద పొద్దున ఆరింటికి డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళు మనకంటే ముందు నడుస్తుంటారు. దాన్ని తొలిచి రోడ్డు వేస్తామంటే ఊరు ఊరంతా అడ్డుపడింది. అక్కడివాళ్ళకు ఆ కొండ మీద అంత ప్రేమ.

సింహగడ్ ముప్పై కిలోమీటర్లు, 1,312 మీటర్లు. ఎక్కితే పైన పిఠ్లా భాకరీ (శనగపిండి కూర, రొట్టె), చిన్న మట్టి ముంతల్లో పెరుగు. రాజ్‌గడ్, తోరణా ఒక రోజులో వెళ్ళి రావచ్చు. లోహగడ్‌కు లోణావళా లోకల్ రైలెక్కి మళవ్లీలో దిగి నడుచుకుంటూ పోవచ్చు, సొంత బండే అక్కర్లేదు. రాజ్‌గడ్, లోహగడ్ 2025లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్ళాయి. కాత్రజ్ నుంచి సింహగడ్ దాకా పదమూడు కొండలు దాటుతూ వెన్నెల్లో నడిచే దారి ఒకటుంది. నా జీవితంలో మర్చిపోలేని రాత్రి అది.

వానాకాలం అక్కడ అసలు సీజన్. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సహ్యాద్రి పచ్చగా, పొగమంచులో మునిగి ఉంటుంది. కానీ జాగ్రత్త చాలా అవసరం. 2024 జూన్ చివర లోణావళా భుశీ డ్యామ్ దగ్గర ఒకే కుటుంబంవాళ్ళు వరదలో కొట్టుకుపోయారు. అప్పటినుంచి వానల్లో చాలా చోట్లకు కలెక్టర్ నిషేధాలు వస్తున్నాయి. అవి పాటించండి.

జీతం దగ్గర పుణె కొంచెం వెనక. సర్వీస్ కంపెనీలు ఎక్కువ. ఆటోమొబైల్ సాఫ్ట్‌వేర్, ఎంబెడెడ్ పని చేసేవాళ్ళకు మాత్రం మంచి ఊరు. హింజవడీ ఫేజ్ త్రీలో ఆఫీసు, కోత్రూడ్‌లో ఇల్లు అనుకుంటే నా వైట్‌ఫీల్డ్ కథే మళ్ళీ మొదలవుతుంది. ఇంకో మాట మన తెలుగువాళ్ళ కోసం: సంక్రాంతికి గోదావరి జిల్లాలకు వెళ్ళాలంటే పుణె నుంచి ప్రయాణం నిజంగా కష్టం. అమ్మానాన్నలు పెద్దవాళ్ళవుతున్నప్పుడు ఇది కొండకంటే పెద్ద విషయం అవుతుంది. నేను పుణె వదిలింది అందుకే.

విశాఖపట్నం

సముద్రం, కొండ రెండూ ఉన్న ఊరు ఇదొక్కటే. పొద్దున ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకు వదిలేస్తారు. కైలాసగిరి మెట్లు ఎక్కొచ్చు, కంబాలకొండ అడవి జాతీయ రహదారి పక్కనే ఉంది, ఋషికొండలో స్కూబా నేర్పుతారు. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు: ఆర్కే బీచ్ నీళ్ళు చూడటానికే, ఈతకు కాదు. ఏటా ప్రాణాలు పోతున్నాయి. చలికాలంలో అరకు, పాడేరు, వంజంగి మేఘాలు. తూర్పు కనుమల్లోని ఎత్తైన కొండల్లో ఒకటైన అర్మ కొండ, సుమారు 1,680 మీటర్లు, ఆ వైపే.

ఉద్యోగాల మాట దగ్గర నిదానంగా ఆలోచించండి. 2023లో ఇన్ఫోసిస్ ఆఫీసు తెరిచింది. 2025లో టీసీఎస్‌కు, కాగ్నిజెంట్‌కు ఎకరం 99 పైసలకే భూమి ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ 15 బిలియన్ డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించింది. ఇవన్నీ సంతోషించాల్సినవే. కానీ డేటా సెంటర్ అంటే ఎక్కువ భాగం యంత్రాలు, కరెంటు, కేబుళ్ళు. పెట్టుబడి అంత ఉన్నా డెవలపర్ ఉద్యోగాలు అదే లెక్కన రావు. వార్త చూసి భోగాపురం వైపు ప్లాటు కొనేసి, ఉద్యోగం వెతుక్కోవడం తర్వాత అనుకోవద్దు.

పూర్తి రిమోట్ ఉద్యోగం చేతిలో ఉన్నవాళ్ళకు విశాఖ ఇప్పుడే, ఈరోజే సరైన ఊరు. బెంగళూరు జీతం, పద్దెనిమిది వేల అద్దె, అరగంట నడకలో సముద్రం. కాకపోతే ఆ కంపెనీ రేపు ఆఫీసుకు రమ్మంటే ఏం చేస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి.

చెన్నై గురించి అడుగుతారేమో. సర్ఫింగ్ మీకు పిచ్చి అయితే కోవళం ఉంది కాబట్టి వెళ్ళండి. కొండల కోసమైతే వద్దు.

కొనాలనుకుంటే

మొదటి రెండేళ్ళు అద్దెకే ఉండండి, ఏ ఊరైనా సరే. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది, 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లకు వెళ్ళింది. అలాంటి భూమి మీద కట్టే ఇల్లు మీ బుధవారాన్ని ముప్పై ఏళ్ళ ఈఎంఐకి కట్టేస్తుంది. లోన్ భయంతో ఉద్యోగం మారలేక, సెలవు పెట్టలేక ఉన్నవాళ్ళను నేను చాలామందిని చూశాను.

తప్పదనుకుంటే ఇంకో రెండు మాటలు. లేక్ వ్యూ అని చెప్పి అమ్మే ఇంటి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టకూడని పట్టీ) కాగితాలు హైదరాబాద్‌లో తప్పకుండా చూడాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఏం జరిగిందో తెలిసిందే. బెంగళూరులో కాగితాలన్నీ సక్రమంగా ఉన్న ‘ఎ’ ఖాతానో, లేని ‘బి’ ఖాతానో తేల్చుకోవాలి. విశాఖలో 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చెయ్యని భూములు), తీర ప్రాంత నిబంధనలు చూసుకోవాలి. కడుతున్న ఇంటికి ఐదు శాతం జీఎస్టీ, ఓసీ (ఇంట్లో చేరవచ్చనే ధ్రువపత్రం) వచ్చిన ఇంటికి లేదు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం ఏడున్నర శాతం. చదరపు అడుగు ధర మాత్రమే చూసుకునేవాళ్ళకు ఇది చివర్లో పెద్ద దెబ్బ.

మావాడికి ఏం చెప్పానంటే, ముందు ఆఫీసు ఎక్కడో కనుక్కోమన్నాను. బెంగళూరు ఆఫీసు బెళ్ళందూరులో అయితే హైదరాబాద్‌కే రమ్మని చెప్పేవాణ్ణి. కనుక్కుంటే హెబ్బాళ దగ్గర. నంది కొండ అదే దారిలో ఉంది, వాడికి ఇష్టం పొడుగాటి ట్రెక్కింగ్, వయసు 26, ఇంకా మూడు నాలుగు ఉద్యోగాలు మారతాడు. వెళ్ళమన్నాను. సంక్రాంతికి కాచిగూడ దాకా వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటల్లో వచ్చేయొచ్చు.

సహకార నగర్‌లో ఒక ఇల్లు చూశాడు, అద్దె 34 వేలు, అడ్వాన్స్ ఐదు నెలలు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు మంగళవారం సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు గేటు దగ్గర ఆటో ఎక్కి ఆ ఇంటి దాకా వెళ్ళి చూడమన్నాను. అక్కణ్ణుంచి జక్కూరు చెరువుకు కూడా. నిన్న మెసేజ్ పెట్టాడు: "అన్నయ్యా, ఇంటికి 25 నిమిషాలు. చెరువుకు 15. గట్టు మీద ఇంకా వెలుతురు ఉంది."